పాత వెర్షన్లకు మద్దతు ఎప్పుడు, ఎలా ఆపాలి: లైబ్రరీ నిర్వాహకుల కోసం

ఇతరుల ప్రోగ్రాములు వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీని నాలుగైదేళ్ళు నడిపిన వారెవరికైనా ఈ సమస్య ఎదురుకాక మానదు. అయితే అది చాలాసార్లు ప్రశ్న రూపంలో రాదు, విసుగు రూపంలో వస్తుంది. భాషలో కొత్తగా వచ్చిన సౌకర్యంతో పది వరుసల్లో తేలిపోయే పనిని, పాత వెర్షన్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి నలభై వరుసల్లో రాయవలసి వస్తుంది. ప్రతి మార్పునూ దానంతట అదే పరీక్షించే ఏర్పాటైన సీఐ చూపించే పట్టికలో గళ్ళన్నీ పచ్చగా ఉండి పాత వెర్షన్ గడి ఒక్కటే మాటిమాటికీ ఎర్రబడుతుంది. ఏదో ఒక సాయంత్రం "ఇక దీన్ని తీసేద్దాం" అనిపిస్తుంది. ఆ సాయంత్రం తీసుకున్న నిర్ణయం సరైనదే కావచ్చు. కానీ దాని ఫలితాన్ని మర్నాడు ఉదయం ఇన్‌స్టాల్ కమాండ్ ఇచ్చిన మరొకరు అనుభవిస్తారు.

అందువల్ల ఇక్కడ రెండు పనుల గురించి చెప్పదలచుకున్నాను. మొదటిది, ఎప్పుడు ఆపాలన్నది అప్పటికప్పుడు తేల్చుకోకుండా, ముందే రాసిపెట్టుకున్న నియమం ప్రకారం జరిగేలా చూసుకోవడం. రెండవది, మద్దతు ఆపిన మర్నాడు పాత ప్లాట్‌ఫారం మీద ఉన్న వాడుకరి ఎప్పటిలాగే కమాండ్ ఇస్తే, అతనికి పని చేసే పాత విడుదల అందేలా చూడడం. నేను చూసినంతలో గొడవలు తేదీ దగ్గర రావు, ఈ రెండవ పని సరిగా జరగనప్పుడే వస్తాయి.

ప్లాట్‌ఫారం అన్న మాటను విశాలార్థంలోనే వాడుతున్నాను. భాష వెర్షన్, రన్‌టైమ్, ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, కంపైలర్, లినక్స్‌లోని మూల సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ, ఇలా లైబ్రరీ దేని మీద నిలబడి నడుస్తుందో అదంతా ఇందులోకి వస్తుంది.

మద్దతు అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి

"పైథాన్ 3.8 నుంచి పని చేస్తుంది" అని రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టు పరిచయ ఫైలులో, ఒక వాక్యం ఉందనుకుందాం. దానికి మూడు అర్థాలు ఉండవచ్చు. ప్రతి మార్పునూ ఆ వెర్షన్ మీద పరీక్షిస్తున్నామని ఒక అర్థం. పరీక్షించడం లేదు గానీ ఎవరైనా లోపం చూపించి ప్యాచ్ (సవరించిన కోడ్) పంపితే తీసుకుంటామని ఇంకొక అర్థం. ఎప్పుడో రాసిన వాక్యాన్ని తీసేయడం ఎవరికీ గుర్తు రాలేదని మూడవ అర్థం. నిజం చెప్పాలంటే ఈ మూడవదే ఎక్కువగా కనిపిస్తుంది.

పరీక్షించని మద్దతును లెక్కలోకి తీసుకోకూడదనడానికి జావాలో ఒక చక్కని ఉదాహరణ ఉంది. జావా కంపైలర్‌తో వచ్చే కిట్ అయిన జేడీకేలో 9 గానీ ఆ తర్వాతిది గానీ తీసుకుని, సోర్స్, టార్గెట్ రెండూ 8 అని పెట్టి లైబ్రరీని కంపైల్ చేశామనుకుందాం. కోడ్‌లో ఎక్కడో బైట్‌బఫర్ మీద ఫ్లిప్ అనే మెథడ్‌ను పిలిచాం. ఆ పిలుపు గురించి కంపైలర్ ఏమీ అనదు. తయారైన క్లాస్ ఫైలు మీద జావా 8కి చెందిన 52 అనే సంఖ్యే ఉంటుంది. అయినా జావా 8 మీద నడిపితే, సరిగ్గా ఆ వరుస దగ్గరకు రాగానే అటువంటి మెథడ్ లేదన్న లోపంతో ప్రోగ్రాం ఆగిపోతుంది. జావా 8 వరకు ఆ మెథడ్ బఫర్ అనే మాతృ క్లాసులో మాత్రమే ఉండి, బఫర్‌నే తిరిగిచ్చేది. జావా 9లో బైట్‌బఫర్ దాన్ని తనలో మళ్ళీ నిర్వచించుకుని బైట్‌బఫర్‌ను తిరిగివ్వడం మొదలుపెట్టింది, కొత్త కంపైలర్ ఆ కొత్త రూపాన్నే క్లాస్ ఫైలులో రాసిపెట్టింది. సోర్స్, టార్గెట్ ఆప్షన్లు భాషనూ బైట్‌కోడ్‌నూ కట్టడి చేస్తాయి గానీ, కంపైలర్ చూసే ప్రామాణిక లైబ్రరీని పాతదానికి మార్చవు. జావా 9తో వచ్చిన 'రిలీజ్' అనే ఆప్షన్ ఆ పని కూడా చేస్తుంది. అయితే ఆ ఆప్షన్ వాడాలని నమ్మకంగా గుర్తు చేసేది జావా 8 మీద నడిచే ఒక టెస్టు మాత్రమే.

కాబట్టి మొదటి మెట్టు ఇది: సీఐలో పరీక్షించే వెర్షన్లనే మద్దతు ఉన్నవిగా రాయండి. పరీక్షించనివాటి గురించి చెప్పాలనిపిస్తే "ప్యాచ్‌లు పంపితే పరిశీలిస్తాం, హామీ లేదు" అని వేరే వాక్యంలో చెప్పండి. ఈ రెండు వాక్యాలూ విడిగా ఉంటే, సగం పాత వెర్షన్లకు మద్దతు ఎప్పుడో ఆగిపోయిందని మీకే తెలుస్తుంది.

ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. పాతవాటిని ఆపి తీరాలన్న శాసనం ఏదీ లేదు. నెట్‌వర్క్ మీద డేటా పంపే, తెచ్చే కర్ల్ ప్రాజెక్టు ఇప్పటికీ సీ భాషలో 1989 నాటి ప్రమాణానికి కట్టుబడి ఉంది, ఎందుకంటే ఊహకందని చోట్ల కూడా నడవడమే దాని విలువ. ప్రతి లైబ్రరీ లక్ష్యం అది కాదు. మీది అవునో కాదో ముందుగా మీరే చెప్పుకోవాలి.

గడువు తేదీల్లో ఎవరి గడువును పట్టుకోవాలి?

సాధారణంగా అందరూ చూసేది మూల ప్రాజెక్టు, అంటే ఆ భాషను లేదా ప్లాట్‌ఫారాన్ని తయారుచేసేవారు, ప్రకటించిన గడువు. పైథాన్‌లో ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కొక్కదానికీ 5 ఏళ్ళ మద్దతు ఉంటుంది. ఆ లెక్కన 3.8 గడువు 2024 అక్టోబరులో, 3.9 గడువు 2025 అక్టోబరులో ముగిశాయి. జావాస్క్రిప్ట్ రన్‌టైమ్ అయిన నోడ్‌లో ఇన్నేళ్ళుగా నడిచిన పద్ధతి ప్రకారం సరిసంఖ్య వెర్షన్లకే దీర్ఘకాలిక మద్దతు ఉంటుంది, విడుదలైన నాటి నుంచి అది సుమారు మూడేళ్ళు సాగుతుంది. గో భాషలో తాజా రెండు ప్రధాన విడుదలలకే సవరణలు వస్తాయి. జావాలో పరిస్థితి వేరు: ఒరాకిల్ జావా 8కు వాణిజ్య వాడకం కోసం ఉచిత అప్‌డేట్లను 2019 జనవరి తర్వాత ఆపేసింది, కానీ అదే జావా 8ను ఇతర సంస్థలు సవరిస్తూనే ఉన్నాయి. అంటే అక్కడ "గడువు ముగిసింది" అన్న వాక్యానికి కర్త ఎవరో చెప్పకపోతే అర్థమే లేదు.

ప్రకటించిన తేదీలు కూడా శిలాశాసనాలు కావు. నోడ్ 16 గడువు మొదట 2024 ఏప్రిల్ అన్నారు. అది ఆధారపడిన ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1కు 2023 సెప్టెంబరు 11తో మద్దతు ముగుస్తుందని, ఆ తర్వాత భద్రతా సవరణలు పూచీగా ఇవ్వలేమని, నోడ్ 16 గడువును కూడా అదే తేదీకి ముందుకు జరిపారు. మీ నియమంలో తేదీని అంకెల్లో రాయకుండా "మూల ప్రాజెక్టు గడువు" అని రాయమని నేను చెప్పేది ఇందుకే. అంకె మారినా నియమం మారనవసరం లేదు.

రెండవ గడువు లినక్స్ పంపిణీలది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8తో వచ్చే సిస్టమ్ పైథాన్ 3.6. మూల ప్రాజెక్టు దాన్ని 2021 డిసెంబరులోనే వదిలేసింది, రెడ్‌హ్యాట్ మాత్రం ఆ పంపిణీని 2029 వరకు చూసుకుంటుంది. "మా సర్వర్‌లో ఇంకా మద్దతు ఉన్న వెర్షనే కదా" అని అక్కడి వాడుకరి అనడంలో తప్పు లేదు. కానీ ఆ మద్దతుకు డబ్బు తీసుకుంటున్నది పంపిణీదారు. తీరిక వేళల్లో లైబ్రరీ చూసుకునే మీరు ఆ ఒప్పందంలో భాగం కాదు. పైగా పదేళ్ళ స్థిరత్వం కోరుకుని ఆ పంపిణీని ఎంచుకున్నవారు లైబ్రరీల తాజా విడుదలలనే ఎక్కించుకోవాలని పట్టుబట్టడం తమ ఎంపికకు తామే ఎదురు వెళ్ళడం. ఈ విషయంలో నాకు పెద్దగా సందేహం లేదు. అయితే మీ లైబ్రరీ సరిగ్గా అటువంటి సర్వర్ల నిర్వహణ కోసమే రాసినదైతే ఈ వాదన చెల్లదు, పంపిణీ గడువే మీ గడువు.

మూల ప్రాజెక్టు గడువు కంటే ముందే ఆపేవారూ ఉన్నారు. పైథాన్ గణన లైబ్రరీ అయిన నంపై ప్రాజెక్టు 29వ ప్రతిపాదనగా తెచ్చిన నియమంలో, గడచిన 42 నెలల్లో విడుదలైన పైథాన్ వెర్షన్లకు మాత్రమే మద్దతు ఇవ్వాలని రాసుకున్నారు. తర్వాత శాస్త్రీయ పైథాన్ ప్రాజెక్టులన్నిటి కోసం రూపొందిన స్పెక్ 0 అనే ఉమ్మడి నియమం దాన్ని మూడేళ్ళకు కుదించింది. ఐదేళ్ళ మద్దతు ఉన్న భాషకు మూడేళ్ళే ఇవ్వడం కఠినంగా కనిపించవచ్చు. కానీ ఒకదానిపై ఒకటి ఆధారపడే ప్రాజెక్టులు అన్నీ ఒకే రోజున కదలడం వల్ల వచ్చే లాభం పెద్దది: ఏ వెర్షన్‌తో ఏది కలుస్తుందో ఎవరూ వెతుక్కోనక్కరలేదు. మీ లైబ్రరీ ఇటువంటి కుటుంబంలో ఉంటే సొంత నియమం కనిపెట్టకండి, కుటుంబ నియమాన్నే తీసుకోండి.

వాడుకరుల లెక్కను ఎలా చదవాలి?

డౌన్‌లోడ్ లెక్కలు చూడకుండా నిర్ణయించకూడదు, చూసి పూర్తిగా నమ్మనూ కూడదు. పైథాన్ ఇన్‌స్టాలర్ అయిన పిప్ ప్రతి డౌన్‌లోడ్‌తో పాటు తాను నడుస్తున్న పైథాన్ వెర్షన్‌ను కూడా తెలియజేస్తుంది, పైథాన్ ప్యాకేజీల భాండారమైన పైపీఐ ఆ వివరాలను గూగుల్ డేటా సేవ బిగ్‌క్వెరీలో బహిరంగంగా ఉంచుతుంది. కాబట్టి పైథాన్ వారికి పని కొంత సులువు. నోడ్ ప్యాకేజీల భాండారమైన ఎన్‌పీఎం చూపించే డౌన్‌లోడ్ సంఖ్యల్లో నోడ్ వెర్షన్ వివరం ఉండదు. ఏ రంగంలోనైనా ఒక చిక్కు మాత్రం తప్పదు: ప్రతి కమిట్‌కూ మొత్తం వాతావరణాన్ని మళ్ళీ కట్టే ఒక్క సీఐ వేల డౌన్‌లోడ్లుగా కనిపిస్తుంది, సొంత మిర్రర్ (ప్యాకేజీల నకలు) పెట్టుకున్న పెద్ద సంస్థ ఒక్క డౌన్‌లోడ్‌గా కనిపిస్తుంది. ఎంతమంది మనుషులన్న ప్రశ్నకు ఈ సంఖ్యలు జవాబివ్వలేవు. నెలనెలా వాటా తగ్గుతోందా, నిలిచిపోయిందా అన్నది మాత్రం బాగానే చెప్తాయి.

చాలామంది వేయని ప్రశ్న ఒకటుంది: పాత ప్లాట్‌ఫారం మీద ఉన్నవారు మీ లైబ్రరీలో ఏ విడుదలను దించుకుంటున్నారు? ఊహకు ఒక లెక్క తీసుకుందాం. మీ డౌన్‌లోడ్లలో నూటికి 9 పాత పైథాన్ నుంచి వస్తున్నాయి. చూడగానే తొమ్మిది శాతం మందిని వదిలేస్తున్నామన్న బెంగ పుడుతుంది. అదే పట్టికను లైబ్రరీ వెర్షన్ ప్రకారం మళ్ళీ విడదీస్తే, ఆ 9లో 7 రెండేళ్ళ నాటి విడుదలకు కట్టుబడిపోయినవని తేలిందనుకోండి. వారు మీ కొత్త విడుదలలను ఇప్పటికే తీసుకోవడం లేదు. మీరు మద్దతు ఆపినా కొనసాగించినా వారికి తేడా రాదు. అసలు ప్రభావం పడేది మిగిలిన 2 మీద. పాత ప్లాట్‌ఫారాన్ని మార్చనివారు లైబ్రరీని కూడా మార్చకపోవడం చాలా సహజం, కాబట్టి ఈ రెండవ విభజన చేయకుండా మొదటి సంఖ్యను ఎవరికీ చూపించకండి.

ఖర్చును కాగితం మీద పెట్టడం

"పాతదాన్ని మోయడం భారంగా ఉంది" అన్న మాట వాదనకు నిలవదు, భారాన్ని లెక్కపెట్టాలి. కోడ్‌లో వెర్షన్‌ను సరిచూసే షరతులన్నిటినీ వెతికి, పాత వెర్షన్ ఆగితే వాటిలో ఎన్ని తీసేయవచ్చో చూడండి. సీఐలో మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఆరు భాషా వెర్షన్లు ఉంటే ప్రతి మార్పుకూ 18 పరుగులు నడుస్తాయి. అందులో ఒక్క వెర్షన్ తీసేస్తే మూడు తగ్గుతాయి. సీఐ సేవలు కూడా పాత సిస్టమ్ ఇమేజ్‌లను కాలక్రమంలో తీసేస్తాయి కాబట్టి, ఒక దశ దాటాక పాత వెర్షన్ మీద పరీక్షించడమే ఒక చిన్న ప్రాజెక్టు అవుతుంది.

డిపెండెన్సీల, అంటే మీ లైబ్రరీ వాడుకునే ఇతర లైబ్రరీల, సంగతి ఇంకా ముఖ్యం. మీరు ఆధారపడే లైబ్రరీ పాత వెర్షన్‌ను ఇప్పటికే వదిలేసి ఉంటే, ఆ వెర్షన్ మీద మీ టెస్టులు నడుస్తున్నది దాని పాత, సవరణలు రాని విడుదలతో. అప్పుడు మీ నిర్ణయంలో సగం మీ తరఫున వేరొకరు తీసేసుకున్నట్టే. కంటికి కనిపించని ఖర్చు మరొకటుంది: కొత్తగా వచ్చిన సహాయకుడు మంచి ప్యాచ్ పంపుతాడు, అది అన్నిటి మీదా గెలిచి పాత వెర్షన్ మీద ఓడిపోతుంది, తాను ఎన్నడూ చూడని వెర్షన్ కోసం దాన్ని తిరగరాయమని మీరు అడుగుతారు. అతను మళ్ళీ రాకపోతే అది ఏ పట్టికలోనూ నమోదు కాదు.

భద్రత కారణమైనప్పుడు గడువుకు ముందే ఆపినా సమర్థించుకోవచ్చు. జావా, ఆండ్రాయిడ్‌ల నెట్‌వర్క్ లైబ్రరీ ఓకేహెచ్‌టీటీపీ 2019లో 3.13 విడుదలతో ఆండ్రాయిడ్ 5కు ముందు వెర్షన్లను, జావా 7ను వదిలింది. సురక్షిత కనెక్షన్ల ప్రమాణమైన టీఎల్ఎస్ 1.2కు సరైన మద్దతు లేని పరికరాలను పట్టుకుని నెట్‌వర్క్ లైబ్రరీ సురక్షితంగా నడవలేదన్నది అక్కడి కారణం. అదే సమయంలో 3.12 బ్రాంచికి (విడిగా సాగే పాత కోడ్ శాఖకు) తీవ్రమైన లోపాల సవరణలను 2020 డిసెంబరు చివరి వరకు ఇస్తామని ప్రకటించారు. కారణం ఒక్క వాక్యంలో ఉంది, మిగిలిపోయినవారికి చిరునామా ఉంది, ఆ చిరునామాకు గడువు కూడా ఉంది. ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు.

దీనికి భిన్నంగా, కోడ్ అందంగా కనిపించడం కోసం ఆపడాన్ని నేను సమర్థించలేను. స్ట్రింగులను కొత్త పద్ధతిలో రాసుకోవాలన్న ముచ్చట మీది, దాని ఖర్చు వాడుకరులది. గడువు ముగియని వెర్షన్‌ను వదిలేయాలంటే, కొత్త విడుదలలో వాడుకరికి దక్కే లాభం ఒకటైనా పేరు పెట్టి చెప్పగలగాలి.

లైబ్రరీ ఎక్కడ ఉందన్నది కూడా తూకంలోకి రావాలి. వందల ప్యాకేజీలకు పునాదిగా ఉన్న చిన్న లైబ్రరీ నెమ్మదిగా కదలాలి, ఎందుకంటే అది ఆపిన వెర్షన్‌ను దాని మీద నిలబడ్డవన్నీ ఆపవలసి వస్తుంది, లేదా పాత విడుదలకు అతుక్కోవలసి వస్తుంది. చివరి అప్లికేషన్‌కు దగ్గరగా ఉన్న లైబ్రరీ చురుగ్గా కదలవచ్చు.

నియమం రాసే తీరు

నియమం ఒక పేరాకు మించనవసరం లేదు. పైథాన్ లైబ్రరీకి నేనైతే ఇలా రాస్తాను: "ఒక పైథాన్ వెర్షన్‌కు మూల ప్రాజెక్టు భద్రతా సవరణలు ఆపిన తర్వాత వచ్చే మా మొదటి ఫీచర్ విడుదలలో ఆ వెర్షన్‌కు మద్దతు ఆపుతాం. ఆ సంగతిని కనీసం 6 నెలల ముందు విడుదల వివరాల్లో తెలియజేస్తాం. ఆ వెర్షన్ మీద నడిచే చివరి విడుదలకు తీవ్రమైన భద్రతా లోపాల సవరణలను మరో 12 నెలలు ఇస్తాం. ఇంతకు ముందే ఆపవలసి వస్తే కారణాన్ని విడిగా ప్రకటిస్తాం." చివరి వాక్యం లేకుండా నియమం రాయకండి. మొదటి అత్యవసరంలోనే దాన్ని మీరే ఉల్లంఘించవలసి వస్తుంది.

"తాజా మూడు వెర్షన్లు" అనే రకం నియమాలు చదవడానికి బాగుంటాయి గానీ జాగ్రత్త అవసరం. ఆరు వారాలకొకసారి కొత్త విడుదల వచ్చే రస్ట్ భాషలో ఆ మాటకు అర్థం నాలుగు నెలలు, పైథాన్‌లో అదే మాటకు మూడేళ్ళు. సంఖ్యను కాకుండా కాలాన్ని రాస్తే ఈ తికమక ఉండదు.

ముందస్తు ప్రకటన ఎంత ముందు ఉండాలన్నది దూకు ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉంటుంది. జావా అప్లికేషన్ల స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 6 కనీస అవసరాన్ని జావా 8 నుంచి ఒక్కసారిగా జావా 17కు పెంచింది. ఆ సంగతిని 2021 సెప్టెంబరులోనే చెప్పి, 2022 నవంబరులో విడుదల చేశారు. ఒక మెట్టు ఎక్కించడానికి ఆరు నెలలు చాలు, ఇటువంటి గెంతుకు ఏడాదైనా కావాలి.

వెర్షన్ సంఖ్యలో ఏది మారాలి?

దీని మీద వాదనలు ఎప్పటికీ తెగవు, కానీ ఆచరణలో ఒక్క ప్రశ్నతో తేల్చుకోవచ్చు: పాత ప్లాట్‌ఫారం మీద ఇన్‌స్టాలర్ తనంతట తానే పాత విడుదలకు వెనక్కి వెళ్ళగలదా? వెళ్ళగలిగితే ఫీచర్ విడుదలలో ఆపినా నష్టం లేదు. వెళ్ళలేకపోతే ప్రధాన సంఖ్య మార్చాలి. లోపాలు సవరించే చిన్న విడుదలలో మాత్రం ఎన్నడూ ఆపకూడదు, ఎందుకంటే దాన్ని కళ్ళు మూసుకుని ఎక్కించుకోవచ్చన్నదే అందరి నమ్మకం.

పిప్ 2016లో వచ్చిన 9.0 నుంచి ప్యాకేజీలోని 'రిక్వైర్స్ పైథాన్' వరుసను చదివి, సరిపడని విడుదలలను పక్కన పెడుతుంది. రస్ట్‌లో ప్యాకేజీలు తెచ్చే కార్గోలో 1.84 నుంచి 'రస్ట్ వెర్షన్' గడిని చూసి తగిన విడుదలను ఎంచుకునే ఏర్పాటు ఉంది. ఎన్‌పీఎం మాత్రం 'ఇంజిన్స్' గడితో సరిపడకపోతే మామూలుగా హెచ్చరించి ఊరుకుంటుంది, ప్యాకేజీ ఎక్కిపోతుంది. జావా ప్యాకేజీలు తెచ్చే మావెన్‌లో అయితే జావా 17 కోసం కట్టిన జార్ (ప్యాకేజీ ఫైలు) జావా 8 మీదకు నిశ్శబ్దంగా వచ్చేస్తుంది; నడిపినప్పుడు గానీ జావా 17 సంఖ్య 61కీ జావా 8 సంఖ్య 52కీ పొత్తు కుదరలేదన్న సంగతి బయటపడదు. కాబట్టి నోడ్, జావా లైబ్రరీలకు ప్రధాన సంఖ్యే సరైన దారి.

సంఖ్య చిన్నగా, మార్పు పెద్దగా ఉంటే ఏమవుతుందో 2021 ఫిబ్రవరిలో పైథాన్ క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ 3.4 విడుదల చూపించింది. దాన్ని సోర్స్ నుంచి కట్టాలంటే రస్ట్ కంపైలర్ అవసరమైంది. ముందే కట్టిన వీల్ ఫైళ్ళు అందేవారికి తేడా తెలియలేదు. కానీ ఆల్పైన్ లినక్స్‌కు అప్పట్లో వీల్స్ లేకపోవడంతో అక్కడి బిల్డులు ఒక్కసారిగా ఆగిపోయాయి, రస్ట్ అందుబాటులో లేని అరుదైన ప్రాసెసర్ల వాడుకరులు బయటే మిగిలారు. 3.3 నుంచి 3.4కు వెళ్ళడాన్ని చిన్న అడుగుగా చదివినవారిని తప్పుపట్టలేం. తర్వాత ఆ ప్రాజెక్టు సంఖ్యల పద్ధతినే మార్చుకుని 35.0కు వెళ్ళింది. బిల్డుకు కావలసిన పనిముట్టు కూడా ప్లాట్‌ఫారంలో భాగమేనన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

ఆపే రోజున పని ఏ వరుసలో జరగాలి?

ముందుగా, పాత వెర్షన్ మీద నడిచే చివరి విడుదలను చివరిదని తెలిసే విడుదల చేయాలి. పెండింగులో ఉన్న సవరణలన్నీ అందులో చేర్చండి, సగం తయారైన కొత్త ఫీచర్లను చేర్చకండి. పాత ప్లాట్‌ఫారం మీద ఉన్నవారు ఏళ్ళ తరబడి వాడబోయేది దీన్నే. దాని నుంచి ఒక బ్రాంచి తెరిచి ఉంచండి.

తర్వాతి విడుదలలో మెటాడేటా (ఏ వెర్షన్ కావాలో ఇన్‌స్టాలర్‌కు చెప్పే వివరాలు), సీఐ, రీడ్‌మీ మూడూ ఒకే కమిట్‌లో మారాలి. పాత షరతులను తుడిచివేసే కోడ్ మార్పులు ఆ తర్వాతే రావాలి. ఈ వరుస తప్పితే ఏమవుతుందో నా సొంత పొరపాటుతోనే చెప్తాను. నేను చూసుకునే ఒక చిన్న లైబ్రరీలో కోడ్‌ను ముందు శుభ్రం చేసి, మెటాడేటాలో "3.7 లేదా ఆపైన" అన్న వరుసను మార్చడం మరిచిపోయి 4.0 విడుదల చేశాను. పైథాన్ 3.7 వాడుకరులకు అదే అందింది, ఇంపోర్ట్ చేయగానే సింటాక్స్ లోపం వచ్చింది. గంటలో తేరుకుని, మెటాడేటా సరిచేసి 4.0.1 ఇచ్చి, పని అయిపోయిందనుకున్నాను. ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. 3.7 మీద ఉన్న పిప్ 4.0.1ను చూసి, ఇది మనకు కాదని పక్కన పెట్టి, ఒక మెట్టు కిందకు దిగింది. అక్కడ ఉన్నది 4.0, "3.7కు సరిపోతాను" అని చెప్పుకుంటున్న ఆ పాడైన విడుదలే. నేను ఆ తర్వాత ఎన్ని మంచి విడుదలలు చేసినా, 3.7 వాడుకరి ప్రతిసారీ నేరుగా దాని మీదకే వెళ్ళి పడతాడు. పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైలు మెటాడేటాను దిద్దే వీలు లేదు. 4.0ను యాంక్ చేయడమే, అంటే వెనక్కి తీసుకున్నట్టు గుర్తు పెట్టడమే, సరైన దారి. అలా చేస్తే, ఆ సంఖ్యనే పట్టుబట్టి కోరినవారికి తప్ప మిగిలినవారికి పిప్ దాన్ని ఇవ్వదు, మామూలు వాడుకరి ఇంకో మెట్టు దిగి పని చేసే విడుదలను చేరుకుంటాడు.

ఈ అనుభవం తర్వాత నా విడుదల జాబితాలో ఒక అంశం చేరింది. కొత్త విడుదల ఎక్కించిన వెంటనే, ఇప్పుడే వదిలిన వెర్షన్‌తో ఖాళీ వాతావరణం ఒకటి తెరిచి, సంఖ్య ఏదీ చెప్పకుండా లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసి, చివరి మద్దతు విడుదలే వచ్చిందా, అది ఇంపోర్ట్ అవుతోందా అని చూస్తాను. రెండు నిమిషాల పని.

విడుదల వివరాల్లో "పైథాన్ 3.9కు మద్దతు తొలగించాం" అని మాత్రమే రాసి వదిలేయకండి. 3.9 మీద ఉన్నవారు ఏ విడుదలలో ఉండాలో, దానికి సవరణలు ఎప్పటి వరకు వస్తాయో, ఎందుకు ఆపారో, ఈ మూడూ అక్కడే ఉండాలి. వెతికి వచ్చేవారు చదివేది ఆ పేరా ఒక్కటే.

పాత బ్రాంచి, అభ్యంతరాలు

పాత బ్రాంచికి సవరణలు ఇస్తామన్న మాటకు చివరి తేదీ లేకపోతే, మీరు ఆపింది ఏమీ లేదు, పనిని రెండింతలు చేసుకున్నారంతే. వెబ్ పేజీల జావాస్క్రిప్ట్ లైబ్రరీ జేక్వెరీ 2013లో 2.0తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, 7, 8లను వదిలి, వాటి కోసం 1.x వరుసను అదే ఏపీఐతో సమాంతరంగా నడిపింది. కోట్ల పేజీలు ఆధారపడిన లైబ్రరీకి అది న్యాయమైన ఏర్పాటే, కానీ రెండు వరుసలూ 2016లో 3.0 వచ్చే దాకా మూడేళ్ళు పక్కపక్కనే సాగాయి. ఒకరిద్దరు నడిపే లైబ్రరీకి అంత శక్తి ఉండదు. భద్రతా సవరణలకే పరిమితమై, ఏడాదితో ముగించడం మేలు.

ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని అభ్యంతరాలు వస్తాయి. వాటిలో చాలా వాటికి చివరి విడుదల సంఖ్య, బ్రాంచి పేరు ఇస్తే సరిపోతుంది. ఒక నిర్దిష్టమైన సవరణ పాత బ్రాంచిలో కావాలని, ప్యాచ్ కూడా పంపుతామని అంటే తీసుకోండి. మద్దతునే వెనక్కి తెమ్మంటే, ఆ వెర్షన్ మీద సీఐ నడపడానికి, అది ఎర్రబడినప్పుడు చూడడానికి పేరు పెట్టి ఎవరు ముందుకు వస్తున్నారని అడగండి. వస్తే మరో ఆరు నెలలు పొడిగించడానికి నాకు అభ్యంతరం ఉండదు. అయితే మద్దతు ఆపిన విడుదలలోనే ఏదైనా తీవ్రమైన లోపం దొరికి, దాని సవరణ చివరి పాత విడుదలలో లేదని తేలితే వాదించకండి, ఆ రోజే పాత బ్రాంచి నుంచి ఒక సవరణ విడుదల చేయండి.

ఆ పని ముగిశాక, తర్వాత వదలవలసిన వెర్షన్ పేరుతో ఒక ఇష్యూ తెరిచి, నియమం ప్రకారం ప్రకటన ఎప్పుడు వెళ్ళాలో అందులో రాసి పెట్టండి. ఇప్పుడు 3.9ను ఆపిన పైథాన్ లైబ్రరీ విషయంలో అది 3.10, మూల ప్రాజెక్టు గడువు 2026 అక్టోబరు కాబట్టి, ఆరు నెలల ముందు ప్రకటన ఆ ఏడాది ఏప్రిల్‌లో వెళ్ళాలి.